విషాదస్థలములు - వినోదయాత్రలు : ఒక ఔచిత్య విచారము

ఒక జాతి చరిత్రమున విజయములకు గల స్థానము విషాదములకును గలదు. విజయచిహ్నముల నలంకరించుట ఎల్లరెరిగిన పద్ధతి. కాని నిరాయుధులు నేలకొరిగిన తోటను, బందీలు గానుగ త్రిప్పిన చెరసాలను ఏ రీతిని భద్రపరుపవలెను? వానిని చూడవచ్చు జనులకు ఏమి చూపవలెను, ఏమి చూపక విడువవలెను? సెలవుదినములందు కుటుంబముతో వచ్చు యాత్రికుని మెప్పించుటకై అట్టి తావులందు దీపాలంకారములు, శిల్పములు, ధ్వనికాంతి ప్రదర్శనములు ఏర్పరచుట సదభిరుచి యనిపించుకొనునా యను ప్రశ్న ఈ కాలమున తరచు వినవచ్చుచున్నది. అమృతసరమునందలి జలియన్‌వాలాబాగును ముఖ్యోదాహరణముగా గైకొని దీనికి సమాధానము వెదకుట ప్రకృత వ్యాసోద్దేశము.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. దుఃఖమును దృశ్యముగా చేయుటయే తప్పని కొందరందురు. భారతీయ రసశాస్త్రము ఇందుల కంగీకరింపదు. శోకము స్థాయిగా గల కరుణము భరతుడు చెప్పిన ఎనిమిది రసములలో నొకటి. భవభూతి ఉత్తరరామచరితము ప్రథమాంకమున సీతారాములు తమ గతజీవితమును చిత్రించిన పటములను చూచుచు మరల దుఃఖింతురు. ఆ చిత్రములు సీతకు వినోదార్థమే చూపబడినవి. అయినను ఆ చూపు వినోదముతో నిలువక, అనుభవించిన దుఃఖమును మరల మేలుకొలిపినది. కావున చూపుట దోషము కాదు. చూచినవాని మనస్సు తుదకు ఎచ్చటికి చేరుననునదియే విచార్యము.

సందడియు దోషము కాదు. పలనాటి కారెంపూడి ఇందులకు దృష్టాంతము. పండ్రెండవ శతాబ్దిని జరిగిన దాయాదుల పోరున మడిసిన వీరుల స్మృత్యర్థము నాగులేటి యొడ్డున ఏటేట కార్తికామావాస్య మొదలు అయిదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యా దినములకు పేర్లు. అచ్చట అంగళ్లు గలవు, జనసమ్మర్దము గలదు, వాద్యఘోష గలదు. అయినను దానిని అభిరుచిహీనమని యెవరును అనజాలరు. ఏలయన, వీరాచారమును తరతరములుగా పాటించు కుటుంబములవారు పూర్వుల ఆయుధములను మోసికొని వత్తురు. మృతులతో వారికి గల సంబంధము తెగలేదు. కథలోని యొక్కొక్క ఘట్టమునకు ఒక్కొక్క దినము, ఆ దినమునకు ఒక విధి యున్నవి. ప్రేక్షకుడుగా వచ్చినవాడును కొంతసేపటికి ఆ విధిలో పాలుగొన్నవాడగును. మృతులతో సంబంధము లేని సందడియే రోత గొల్పునని దీనివలన తేలుచున్నది.

ఇక జలియన్‌వాలాబాగు విషయము. 1919 ఏప్రిలు 13వ తేది బైశాఖీ పర్వదినము. సభకై చేరినవారును, పండుగకు వచ్చి విశ్రమించుచున్నవారును ఆ తోటలో నుండిరి. జనరల్ డయ్యరు సుమారు తొంబదిమంది సైనికులతో ప్రవేశించి, చెదరిపొండని హెచ్చరికయైన చేయక కాల్పులకు ఆజ్ఞ యిచ్చెను. సుమారు పది నిమిషములలో 1,650 తూటాలు కాల్చబడినవి. ప్రభుత్వపు లెక్క ప్రకారము మృతులు 379 మంది; కాంగ్రెసు విచారణ సంఘపు అంచనా ప్రకారము సుమారు వేయిమంది. ప్రాణభీతిచే అనేకులు అందలి బావిలో దుమికి మరణించిరి.

తోట చుట్టును ఇండ్ల గోడలు. సైనికులు వచ్చిన దారి ఒక ఇరుకు సందు. డయ్యరు వెంట మరతుపాకులు గల రెండు కవచశకటములును వచ్చినవి. సందు ఇరుకగుటచే అవి లోనికి పోజాలక వెలుపలనే నిలిచినవి. లోనికి పోగలిగియుండినచో వానిని ప్రయోగించుట సంభవమేనని డయ్యరే హంటరు విచారణ సంఘము నెదుట ఒప్పుకొనెను. అనగా ఆ సందు కేవలము దారి కాదు, సాక్షి. మృత్యువును లోనికి తెచ్చినదియు అదియే. అంతకు మించిన మృత్యువును వెలుపల నిలిపినదియు అదియే. దాని వెడల్పే దాని సాక్ష్యము. నగ్నములైన ఆ గోడల నడుమ నాలుగడుగులు నడచినవానికి, లోపలి జనము ఏల తప్పించుకొనలేకపోయిరో వేరొకరు చెప్పనక్కర లేకుండెను.

దురంతము జరిగిన మరుసటి యేటనే, 1920లో, ప్రజల చందాలతో ఆ స్థలము స్మారకార్థము సంపాదింపబడినది. 1951లో జాతీయ స్మారక చట్టము వచ్చినది. బెంజమిన్ పోక్ రూపకల్పన చేసిన ఎఱ్ఱరాతి స్మారకమును 1961 ఏప్రిలు 13న రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదుగారు ఆవిష్కరించిరి. ఆ స్మారకము తోట నడుమ ప్రత్యేకముగా నిలిచినది. గోడలను గాని, సందును గాని తాకలేదు. తరువాతి కాలమువారు తెలిపిన నివాళిగా అది స్పష్టముగా కానవచ్చును. దానిని చూచి 1919 నాటి వస్తువని భ్రమపడువాడు లేడు.

2021 ఆగస్టు 28న ప్రారంభింపబడిన నవీకరణము ఈ హద్దును దాటినది. ఇరుకు సందు గోడలపై తోటకు పోవుచున్న స్త్రీపురుషుల, బాలుర ప్రతిమలు వెలసినవి. బావి చుట్టును అద్దపు కట్టడము లేచినది. నూతన ప్రదర్శనశాలలును, దినదినము ధ్వనికాంతి ప్రదర్శనమును ఏర్పడినవి. అమృతసర దురంతముపై గ్రంథము రచించిన చరిత్రకారుడు కిం వాగ్నరు మొదలగువారు దీనిని తీవ్రముగా ఖండించిరి. నవీకరణము బాగున్నదని అప్పటి పంజాబు ముఖ్యమంత్రి అమరీందర్ సింగుగారు అభిప్రాయపడిరి. కావున ఇది కేవలము పక్షభేదమువలన పుట్టిన వివాదము కాదు. అభిరుచికి సంబంధించిన వివాదము.

నవీకరణమును సమర్థించువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. రాబోవు మృత్యువు నెరుగక పండుగవేళ నడచిపోయిన అమాయకులను ప్రతిమలు కనులకు గట్టించునని వారందురు. ఆ యుద్దేశము సాధువైనదే. శిథిలమగుచున్న కట్టడములకు మరమ్మతు అవసరమనుటయు సత్యమే. చదువురాని యాత్రికునకు గోడమీది శాసనముకంటె చెవికి వినవచ్చు కథ మేలు చేయుననుటయు కాదనరానిది. యాత్రికులు రానిచోట ఉద్ధరణకు ధనము లభింపదు; మరపు గడ్డివలె మొలచును.

అయినను ఉద్దేశము మంచిదగుటచేతనే కార్యము ఉచితము కాదు. ఈ విషయమున తాళపత్ర గ్రంథముల పరిష్కర్తలు పాటించు మర్యాద స్మరింపదగినది. ప్రాచీనగ్రంథమున ఒక పాదము లోపించినచో ఉత్తమ పరిష్కర్త ఆ తావును ఖాళీగా విడుచును. తాను కవియైనను స్వంత పద్యమును అందు చేర్చడు. చెప్పవలసినది పీఠికలో చెప్పును. అభిప్రాయమును అడుగున సూచించును. మూలములో చేర్చెనా, అది ఎంత రమ్యముగా నున్నను ప్రక్షిప్తమే. చారిత్రకస్థలమును మూలప్రతి వంటిది. 1961 నాటి స్మారకము పీఠిక; 2021 నాటి సందులోని ప్రతిమలు ప్రక్షిప్తము. మున్ను గోడను చూచి ఇరుకును గ్రహించిన యాత్రికుడు నేడు ప్రతిమలను చూచి శిల్పి నేర్పును గ్రహించును. వాని ప్రక్కన నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనును. తప్పు యాత్రికునిది కాదు. చూడుమని యేది ముందుంచబడినదో దానినే అతడు చూచుచున్నాడు.

అండమాను చెరసాలతో పోల్చి చూచిన ఈ భేదము మరింత విశదమగును. ఆంధ్రులకు ఆ దీవులు పరాయివి కావు. ఆ చెరసాల కట్టక పూర్వమే, 1879లో చెలరేగిన రంప పితూరీ ఖైదీలలో కొందరు అండమానునకు పంపబడిరి. కాకినాడ బాంబు కుట్ర కేసున శిక్షితుడైన ప్రతివాది భయంకరాచారి ఆ చెరసాలలోనే బందీగా నుండెను. 1896 నుండి 1906 వరకు నిర్మింపబడిన ఆ కట్టడమునకు మొదట ఏడు భుజములు. నేడు నిలిచినవి మూడు. 1979లో అది జాతీయ స్మారకమైనది. అచ్చటను సాయంవేళ ధ్వనికాంతి ప్రదర్శనము గలదు. ఆవరణలోని రావిచెట్టు కథకుని పాత్ర వహించుట అందలి విశేషము. ఎప్పుడు కంట తడిపెట్టవలెనో సంగీతమే నిర్ణయించు లోపము దీనికి లేకపోలేదు. కాని దీపములారి కథ ముగిసిన వెనుక కొట్లు కొట్లుగానే యుండును. పగటివేళ ఒకడు ఒంటరిగా ఒక కొట్టులో నిలిచి, ఎత్తున గల చిన్న గవాక్షమును చూడవచ్చును. అచ్చట అతనితో మాటలాడువాడెవడును లేడు. ప్రదర్శనము వేరు, స్థలము వేరు అను మర్యాద మిగిలియున్నది.

అచ్చటనే మరియొక విశేషము గలదు. పడిపోయిన భుజములుండిన తావున 1963లో ఆస్పత్రి వెలసినది. చారిత్రకముగా ఇది నష్టమే. కాని దీనిని రోతయని ఎవరును భావింపలేదు. బాధపెట్టిన చోట బాధను తీర్చు శాల వెలయుట మృతులకు అవమానము కాజాలదు. జీవించియున్నవారి అవసరము మృతులస్థలమున చోటుచేసికొనవచ్చును. వారి కాలక్షేపమునకు మాత్రము అంత స్వతంత్రము లేదు.

పై విచారమువలన మూడు నియమములు తేలుచున్నవి. మొదటిది: మూలమును తాకరాదు, వ్యాఖ్యానము దానికి దూరముగా నిలువవలెను. రెండవది: మృతుల పేర్లును, వారి వంశీయుల మాటయు ప్రదర్శనముకంటె ముందుండవలెను. అండమానునందు బందీల నామములు చలువరాతిపై చెక్కబడియుండుట ఇందులకు మంచి యాదర్శము. మూడవది: ప్రతి స్మారకమునను ఏమియు వినిపింపని, ఏమియు వెలిగింపని చోటు ఒకటైన నుండవలెను. దుఃఖమునకు మౌనమే స్వభాషయగుటచే ఆ చోటు లేని స్మారకము ఎంత వ్యయముతో కట్టినదైనను అసంపూర్ణమే.

తమ పిల్లలకై చారిత్రకయాత్రలు ఏర్పాటుచేయు ఆంధ్రసంఘముల పెద్దలకు ఈ నియమములు ఉపయోగింపవచ్చును. పరభాషా ప్రాంతముల స్థిరపడినవారికి స్మృతియే సగము ఆస్తి. కారెంపూడి యుత్సవము శతాబ్దులుగా నిలిచినది దీపములచే కాదు. ఆయుధమును ఒక తరము చేతినుండి మరొక తరము చేయి అందుకొనుటచే. యాత్రనుండి తిరిగివచ్చిన బాలుడు అచ్చటి వెలుగులు బాగున్నవని చెప్పినచో యాత్ర వ్యర్థము. ఆ సందు ఎంత ఇరుకో చేతులు చాచి చూపినచో యాత్ర సఫలము.