పలకాకు పసరు

పలక నల్లగా నిగనిగలాడాలంటే బొగ్గుతో పాటు ఈ ఆకు వేసి రుద్దేవాళ్లం. అందుకే మాకది పలకాకు. పుస్తకాల్లో గడ్డిచామంతి, కొన్ని ఊళ్లలో గాయపాకు. కోతల్లో కొడవలితో చెయ్యి తెగితే అమ్మమ్మ గట్టు మీద అదే ఆకు తుంచి, అరచేతిలో నలిపి, గాయం మీద పసరు పిండేది. చుర్రుమనేది. కాసేపటికి నెత్తురు కట్టేది. మర్నాడు చూస్తే వాపు అంతగా ఉండేది కాదు.

ఇది తాతల కాలం నుంచీ మన నేల మొక్కే అనుకునేవాణ్ణి. కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రొకుంబెన్స్ అని పేరు పెట్టాడు. సముద్రం దాటి వచ్చి మన గట్ల మీద కలుపై పాతుకుపోయింది. అంటే ఈ వైద్యం ఏ ప్రాచీన గ్రంథమో చెబితే వచ్చింది కాదు. ముక్కూమొహం తెలియని ఆకును మనవాళ్లు నలిపి చూశారు, గుణం కనబడితే పదిమందికీ చెప్పారు. అమ్మమ్మ చేతివైద్యం వెనక ఉన్నది గుడ్డి నమ్మకం కాదు, పరీక్ష.

ఆ పరీక్షే తర్వాత ప్రయోగశాలకు చేరింది. ఎలుక పాదంలోకి కెరాజీనన్ అనే సముద్రనాచు పదార్థం ఎక్కిస్తే కొన్ని గంటల్లో వాస్తుంది. గడ్డిచామంతి సారం ఇచ్చిన ఎలుకల్లో ఆ వాపు తగ్గింది. ఈ మొక్కలో లూటియోలిన్, క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్లు, అంటే ఒక రకం మొక్కల రసాయనాలు ఉన్నాయి. దెబ్బ తగిలినప్పుడు కణంలో ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రొటీన్ మేల్కొని, వాపునూ నొప్పినీ పెంచే రసాయనాలను తయారు చేయిస్తుంది. లూటియోలిన్ దాని జోరు తగ్గిస్తుంది.

అయితే ఎలుకలో కనిపించిన గుణం మనిషికి మోతాదు చెప్పదు. ఒక ఆకు పసరులో ఉన్నంత సారం ఇంకో ఆకులో ఉండదు. పైగా ఆకుకంటిన మట్టిలో ధనుర్వాతం క్రిములుండొచ్చు, గట్టు మీద కలుపు మందు కొట్టి ఉండొచ్చు.

కాబట్టి గాయాన్ని ముందు సబ్బు నీళ్లతో కడగండి. లోతుగా తెగితే ఆకు కోసం వెతక్కుండా ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతం టీకా సంగతి అడగండి. పరీక్షించి నమ్మడం అమ్మమ్మ నేర్పిన పద్ధతే. దాన్ని నిలబెట్టుకుందాం.