గేరు మార్చకపోవడమూ పనే

లారీ కంప్యూటర్‌కు ఎప్పుడు గేరు మార్చాలో నేర్పడం నా ఉద్యోగం. ఊళ్లో ఎవరికి చెప్పినా, "హైటెక్ సిటీలో లారీలతో ఏం పని?" అంటారు. పని చాలానే ఉంది. గేర్‌బాక్సులకు పేరుమోసిన జర్మనీ కంపెనీ జడ్ఎఫ్ 2017లో తన టెక్నాలజీ సెంటర్‌ను హైదరాబాద్‌లోనే తెరిచింది. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రమూ ఈ నగరంలోనే ఉంది. మణికొండలో అద్దెకుండే కుర్రాళ్లలో ఎందరో పొద్దంతా బ్రేకులు, గేర్లు, స్టీరింగుల కోడ్ రాస్తుంటారు.

ఈ రోజుల్లో బరువు లారీల్లో ఎక్కువగా కనిపించే ఆటోమేటిక్‌ను ఏఎంటీ అంటారు. లోపలి గేర్లూ క్లచ్చూ మామూలు లారీకి ఉన్నట్టే ఉంటాయి. క్లచ్ తొక్కడం, రాడ్డు లాగడం మాత్రం గాలి ప్రెషర్ చేస్తుంది, ఎప్పుడన్నది కంప్యూటర్ చెబుతుంది. వోల్వో 2001లో తెచ్చిన 12 గేర్ల ఐ-షిఫ్ట్ ఈ జాతిదే.

కంప్యూటర్‌కు మేమిచ్చేది షిఫ్ట్ మ్యాప్. యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్నది ఒక వైపు, వేగం ఇంకో వైపు. పై గేరుకు వెళ్లడానికి ఒక గీత, కింది గేరుకు దిగడానికి మరో గీత. కొత్తగా చేరినవాళ్లు గీతలు ఎక్కడ గీయాలా అని సతమతమవుతారు. నన్నడిగితే అసలు పనితనమంతా ఆ రెండు గీతల మధ్య వదిలే జాగాలో ఉంది. బండి అక్కడ ఉన్నంతసేపూ ఏ గేరులో ఉంటే ఆ గేరులోనే సాగిపోతుంది. జాగా చాలకపోతే పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉంటుంది. దీన్ని మేం హంటింగ్ అంటాం. జాగా మరీ ఎక్కువైతే ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, డీజిల్ తాగేస్తుంది.

చదును రోడ్డు మీద ఇదంతా పెద్ద సమస్య కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ మ్యాప్ వేసినా బండి మర్యాదగానే నడుస్తుంది. శ్రీశైలం దారిలో నల్లమల ఘాట్ మొదలయ్యాక గానీ మ్యాప్ గుట్టు బయటపడదు.

ఒక లెక్క చూడండి. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తు మీద లారీ 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతోంది. గేరు మార్చడానికి క్లచ్ తొక్కిందంటే చక్రాలకు ఇంజిన్ బలం అందదు. ఆ ఒక్క సెకనులోనే వేగం దాదాపు రెండున్నర కిలోమీటర్లు పడిపోతుంది. గేరుకూ గేరుకూ 28 శాతం తేడా ఉన్న బాక్సులో, 1,700 ఆర్‌పీఎం దగ్గర మార్చితే పై గేరులో 1,330 ఉండాల్సింది 1,170కి దిగుతుంది. క్లచ్ తొక్కిన ఆ క్షణంలో ఖాళీ బండైనా లోడ్ బండైనా వేగం పడేది ఇంచుమించు ఒకటే. తేడా తర్వాత తెలుస్తుంది. ఖాళీ బండి వెంటనే పుంజుకుంటుంది. లోడ్ బండి ఎత్తుకోదు. కంప్యూటర్ మళ్లీ కింది గేరుకు దిగుతుంది, ఇంకో సెకను, ఇంకో రెండున్నర కిలోమీటర్లు. అలా రెండుసార్లు జరిగితే వెనకాల బండ్లన్నీ ఆగిపోతాయి.

అందుకే కంప్యూటర్ ముందు బరువు తెలుసుకోవాలి. ఇంజిన్ ఇంత బలం ఇస్తే బండి ఇంతే కదిలిందంటే, లోడ్ ఇంత ఉండాలని లెక్క వేసుకుంటుంది. 2018లో కేంద్రం ఇరుసు మీద అనుమతించే బరువును 20 నుంచి 25 శాతం పెంచింది. కాబట్టి పాత కాగితం మీది బరువు పట్టుకుని మ్యాప్ చేస్తే మన రోడ్లకు సరిపోదు.

గేరు మార్చకుండా ఉండే విద్య చూడాలంటే రాత్రిపూట కోకాపేట వైపు వెళ్లాలి. సెల్లార్ల కోసం తవ్విన గోతుల్లోంచి పేల్చిన బండరాళ్లు నింపుకుని టిప్పర్లు పైకొస్తుంటాయి. మట్టితో వేసిన ర్యాంపు, వాన పడితే బురద. డ్రైవరు అడుగునే ఫస్ట్ గేరు వేస్తాడు, పైకొచ్చేదాకా రాడ్డు ముట్టుకోడు. మధ్యలో ఇంజిన్ తేలికపడి, ఇంకో గేరు వేయొచ్చనిపించే చోటు వస్తుంది. అతను వేయడు. ఆ చోటు దాటాక ర్యాంపు మళ్లీ నిలువుగా లేస్తుందని అతనికి తెలుసు. మా టీములో చేరిన ప్రతి ఒక్కరూ లాగ్ ఫైళ్లు తెరవడానికి ముందు ఒక రాత్రి ఆ టిప్పర్లో పక్క సీట్లో కూర్చోవాలని నా కోరిక. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడికి ఆర్‌పీఎం గీత మాత్రమే కనబడుతుంది. సీటు కింద వణుకు, బరువు వెనక్కి లాగడం ఒంటికి తెలియాలి.

హైవేల మీద ముందున్న ఎత్తును జీపీఎస్ మ్యాపుల్లో చూసి, ఉన్న గేరులోనే సాగాలా మార్చాలా అని నిర్ణయించుకునే లారీలు ఇప్పటికే ఉన్నాయి. అది మంచి మార్పు, నేను మనసారా ఆహ్వానిస్తాను. కానీ పోయిన వారం తవ్విన గోతికి వేసిన ర్యాంపు ఏ జీపీఎస్ మ్యాపులోనూ ఉండదు. అందుకే డ్రైవరు మాన్యువల్ నొక్కి గేరు పట్టుకుంటే, ఇంజిన్‌కు ప్రమాదం వచ్చేదాకా కంప్యూటర్ దాన్ని కదపకూడదని నేను పట్టుబడతాను. ఆటోమేటిక్‌లో మళ్లీ డ్రైవరు మాటేంటని మీటింగుల్లో వాదన జరుగుతూనే ఉంటుంది. మెషీన్‌కు కనిపించని రోడ్డు డ్రైవరు కళ్ల ముందే ఉంటుందన్నదే నా జవాబు.