కుండలో సూప్, గిన్నెలో తారె

జపాన్‌లో రామెన్ అనే నూడుల్స్ సూప్ అమ్మే దుకాణాల బోర్డుల మీద తరచూ నాలుగు పేర్లు కనిపిస్తాయి: షియో, షోయు, మిసో, తొంకొత్సు. అంటే ఉప్పు, సోయా సాస్, పులియబెట్టిన సోయా ముద్ద, పంది ఎముకలు. రామెన్ అంటే ఈ నాలుగు రకాలేనని చాలామంది రాసేస్తుంటారు. రామెన్ సరిగ్గా అర్థం కాకపోవడానికి మొదటి కారణం ఈ జాబితాయేనని నా నమ్మకం. మొదటి మూడు పేర్లు ఉప్పదనం దేని నుంచి వచ్చిందో చెబుతాయి. నాలుగోది కుండలో ఏం ఉడికిందో చెబుతుంది.

రామెన్ వండేవారు మామూలుగా సూప్‌లో ఉప్పు వేయరు. ఖాళీ గిన్నె అడుగున ముందు కొంచెం ‘తారె’ పోస్తారు. బాగా ఉప్పగా, ఘాటుగా ఉండే సారం అది. దాని మీద చెంచాడు కోడి కొవ్వో, వెల్లుల్లి కాచిన నూనో వేస్తారు. అప్పుడు కుండలోని వేడి సూప్, ఆ తర్వాత నూడుల్స్. కాబట్టి ఒకే కుండలోని సూప్‌తో ఒక గిన్నెలో షియో, పక్క గిన్నెలో షోయు వడ్డించవచ్చు. జపాన్ వెళ్లే మన శాకాహారులు ఇది తప్పక తెలుసుకోవాలి. మిసో సోయా గింజలతో చేసిందే అయినా, దాని మీద పోసే సూప్ చాలా చోట్ల పంది ఎముకలదో కోడి ఎముకలదో అయి ఉంటుంది. సూప్ దేనితో కాచారని విడిగా అడగాలి.

అసలు పనితనమంతా కుండ కింది మంటలో ఉంది. ఎముకలను ముందు నీళ్లలో నానబెట్టి, ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, అంటుకున్న నెత్తురు గడ్డలను కడిగేస్తారు. అక్కడి నుంచి దారులు రెండు. సన్నని సెగ మీద, నీళ్లు కదిలీ కదలనట్టు ఉంచి, తేలిన తెట్టు తీస్తూ పోతే తేటగా ‘చింతాన్’ వస్తుంది. కొవ్వు పైన విడిగా తేలుతుంది, కింద సూప్ నిర్మలంగా ఉంటుంది. అవే ఎముకలను పెద్ద మంట మీద గంటల తరబడి కళపెళ మరిగిస్తే ‘పైతాన్’ అవుతుంది. ఎముకల్లోని కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది. మరుగు తాకిడికి కొవ్వు కంటికి కనపడనంత చిన్న బిందువులుగా చిట్లుతుంది. అవి మళ్లీ కలిసిపోకుండా జెలటిన్ పట్టి ఉంచుతుంది. వెలుతురు ఆ బిందువుల మీద పడి చెదరడం వల్లే సూప్ తెల్లగా కనిపిస్తుంది. అందులో పాలచుక్క ఉండదు. మన పాయా తాగాక పెదవులకు తగిలే జిగురు లాంటిదే ఇక్కడా తగులుతుంది.

ఈ తెల్లని సూప్ ఊరు క్యూషూ దీవిలోని కురుమె. 1937లో అక్కడ ‘నాన్‌కిన్ సెన్‌ర్యో’ అనే బండి తొంకొత్సు రామెన్‌కు నాంది పలికింది. అప్పటి సూప్ ఇంత తెల్లగా ఉండేది కాదు. 1947లో ‘సాన్‌క్యూ’ అనే మరో బండి దగ్గర కుండ అనుకున్నదానికన్నా ఎక్కువ సేపు మరిగిపోయి సూప్ తెల్లబడిందని, రుచి చూస్తే బాగుందని చెబుతారు. కురుమెలో కొన్ని దుకాణాలు నేటికీ కుండను పూర్తిగా ఖాళీ చేయవు. పాత సూప్‌లోనే కొత్తది కలుపుతూ పోతాయి. ఈ పద్ధతి పేరు ‘యోబిమొదొషి’. తొంకొత్సులో నాకు ఎక్కువ గౌరవం ఈ పద్ధతి మీదే, ఎందుకంటే అది రోజూ ఒకే చెయ్యి, ఒకే నాలుక కాపలా ఉంటే తప్ప నిలవదు.

ఉత్తరాన హొక్కైడో దీవిలోని సప్పొరోలో చలి ఎక్కువ. 1950ల్లో ‘అజి నో సాన్‌పెయ్’ దుకాణంలో ఒమియా మొరితో మిసో రామెన్‌ను తీర్చిదిద్దారు. కూరగాయలను కడాయిలో పంది కొవ్వుతో వేయించి కలుపుతారు. పైన పరుచుకున్న కొవ్వు పొర వేడి పోకుండా ఆపుతుంది. అదే హొక్కైడోలోని హకొదాతె మాత్రం తేట షియోకు పేరు.

కొన్ని దుకాణాల్లో ఎముకల సూప్‌తో పాటు కొంబు నాచు, ఎండు చేపల సముద్రపు సూప్ వేరే కుండలో కాస్తారు. రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునాయె 1908లో కొంబు నాచులో రుచినిచ్చే గ్లూటమేట్‌ను కనుగొన్నారు. ఎండు చేపల్లో ఉండేది ఇనోసినేట్. ఈ రెండూ కలిస్తే రుచి విడివిడిగా ఉన్నప్పటికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అయితే కొంబు మరిగితే చెడు వాసన వస్తుంది, చేప తురుముకు కొద్ది నిమిషాలు చాలు, ఎముకలకు గంటలు కావాలి. అందుకే రెండు కుండలు. వడ్డించేముందే కలుపుతారు. టోక్యోలోని నకానోలో 1996లో మొదలైన ‘అఒబా’తో ఈ జంట సూప్‌కు మంచి పేరు వచ్చింది.

1974లో యోకొహామాలో మొదలైన ‘యొషిమురాయా’ క్యూషూ వారి పంది ఎముకల సూప్‌కు టోక్యో వారి షోయు తారెను జతచేసింది. దాన్ని అనుసరించిన దుకాణాలన్నిటినీ కలిపి ‘ఇయెకెయ్’ అంటారు. అక్కడ తినేవారు మూడు సంగతులు తమకు నచ్చినట్టు చెప్పవచ్చు: నూడుల్స్ ఎంత గట్టిగా ఉండాలి, తారె ఎంత పడాలి, నూనె ఎంత వేయాలి. సూప్ మాత్రం ఆ రోజు కుండలో ఎలా దిగితే అలాగే తాగాలి.