నీటికి రబ్బరు లేదు

పాత లైబ్రరీల్లో తోలు బైండింగు పుస్తకాల అట్ట తెరిస్తే, కొన్నిటి లోపల రంగులు మెలికలు తిరిగిన కాగితం కనిపిస్తుంది. అచ్చు వేసిందనుకుంటాం. కాదు, నీళ్ల మీద తేలే రంగులపై పరిచి ఎత్తిన కాగితం అది. మార్బ్లింగ్ అంటారు. ఈమధ్య సెలవు దొరికితే నేను చేసే పని ఇదే.

మొదలుపెట్టడానికి జపాన్ వాళ్ల సుమినగాషి సులువు. వెడల్పాటి ట్రేలో మామూలు నీళ్లు, రెండు కుంచెలు చాలు. ఒకటి సిరాలో, ఇంకొకటి చుక్క సబ్బు కలిపిన నీళ్లలో ముంచాలి. సిరా కుంచె కొన తాకగానే నీటి మీద నల్లటి వృత్తం పరుచుకుంటుంది. దాని నడిమధ్య సబ్బు కుంచె తాకిస్తే నలుపు వలయమై పక్కకు జరుగుతుంది. మళ్లీ సిరా, మళ్లీ సబ్బు. వలయాల మీద మెల్లగా ఊదితే అవి వంకర్లు పోతాయి. కాగితం ఒక అంచు నుంచి మెల్లగా దించాలి. కింద గాలి బుడగ చిక్కిందా, అక్కడ తెల్లమచ్చే.

టర్కీ ఎబ్రూలో నీళ్లకు ముందే ట్రాగకాంత్ జిగురు కలుపుతారు. మెంతుల జిగురు వాడినవాళ్లూ ఉన్నారు. రంగు మునగకుండా విచ్చుకోవడానికి ఎద్దు పిత్తం కలిపి, గులాబీ కొమ్మకు గుర్రపు వెంట్రుకలు కట్టిన కుంచెతో చిలకరిస్తారు. గంజిలా చిక్కబడ్డ ఆ నీళ్ల మీద సూదితో రంగు చుక్కను లాగి పూరేకులు తీస్తారు. ఈ పూల ఎబ్రూకు పేరు తెచ్చినవాడు నెజ్మెద్దీన్ ఒక్యాయ్. 2014లో యునెస్కో ఎబ్రూను వారసత్వ కళల జాబితాలో చేర్చింది. మన దక్కనుకూ ఇందులో వాటా ఉంది. 17వ శతాబ్దంలో బీజాపూర్ చిత్రకారులు రంగు అంటకూడని చోటు కప్పేసి, బక్కచిక్కిన గుర్రాల ఒంటిని మార్బ్లింగుతోనే నింపారు.

ఒకసారి వచ్చిన బొమ్మ అచ్చంగా మళ్లీ రాదు. 1775లో అమెరికా కాలనీల ఇరవై డాలర్ల నోటు అంచుకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సమకూర్చిన మార్బుల్ కాగితం వాడింది అందుకే. దొంగనోట్ల వాళ్లకు ఆ గీతలు అందవు.

మనసు కుదుటపడేదీ ఇక్కడే అని నాకనిపిస్తుంది. కంప్యూటర్లో ఒక వాక్యాన్ని పదిసార్లు చెరిపి రాస్తాను, పదకొండోసారీ తృప్తి ఉండదు. దిద్దే వీలున్నంతసేపూ దిద్దాలనే అనిపిస్తుంది. ట్రేలో ఆ వీలు లేదు. కాగితం ఎత్తాక అది నచ్చాలి, లేదంటే ఆరేసి మరోటి మొదలుపెట్టాలి. న్యూస్‌పేపర్ పట్టీతో నీటి పైభాగం తుడిచేస్తే పాత రంగు పోతుంది, దాంతోపాటే పాత విసుగూ పోతుంది.

అలాగని అంతా అదృష్టానికి వదిలేస్తే కుదరదు. కాగితానికి పటిక నీళ్లు పూయకపోతే ఎబ్రూ రంగు కడగగానే జారిపోతుంది. జిగురు పలచనైతే రంగుల మీద దువ్వెనతో లాగిన గీత నిలవదు, మరీ చిక్కనైతే రంగు విచ్చుకోదు. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూస్తే ఏది ఎందుకు జరిగిందో తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: బొమ్మ ఎలా రావాలో ముందే అనుకోకండి, జిగురు కొలత మాత్రం తప్పకుండా రాసిపెట్టుకోండి.