గరీబీకి ఎన్ని మార్కులు?

కాలేజీ సీటు కోసం వచ్చిన పిల్లవాడి ర్యాంకు చెప్పటం తేలిక. వాడి వెనకున్న లేమిని కొలిచేదెట్లా? 1980 నాటి మండల్ కమిషన్ నివేదిక దీనికి లెక్క కట్టింది. మొత్తం 22 మార్కులు. సామాజిక సూచికలు 4, ఒక్కోదానికి 3 మార్కులు. విద్యా సూచికలు 3, ఒక్కోదానికి 2. ఆర్థిక సూచికలు 4, ఒక్కోదానికి 1. సగం మార్కులొస్తే ఆ కులం వెనకబడినట్టు. తాగునీళ్లు అరకిలోమీటరు అవతలుంటే 1 మార్కు. నలుగురూ తక్కువగా చూస్తే 3. ఆ కొలత ప్రాణమంతా ఈ తేడాలోనే ఉంది. డబ్బొస్తే బోరు వేయించుకోవచ్చు. 'కసాయోడి కొడుకు' అన్న మాట పోవటానికి ఏ బజార్లో ఏం కొనాలి?

ఆ కొలత మన గడపలోకి వచ్చేసరికి మనమే అడ్డం పడ్డాం. ఇస్లాంలో కులాల్లేవన్నాం. నమాజు వరసలో లేవు, నిజమే. పిల్లనిచ్చేటప్పుడు? సయ్యదుల ఇంటికి హజాముల సంబంధం వస్తే? దూదేకులవాళ్లను సగం ముస్లిములన్న నోళ్లెవరివి?

ముస్లిములంతా ఒకటేనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో, 2005లో ఇచ్చిన 5 శాతాన్ని రెండుసార్లూ హైకోర్టు కొట్టేసింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత 2007లో వచ్చిన చట్టం 14 సమూహాలకు బి.సి.-ఇ పేర 4 శాతమిచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్‌లను పక్కనుంచింది. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. మనం దాచుకున్న నిజాన్ని ఒక సర్కారీ జాబితా చెప్పాల్సి వచ్చింది.

ఆ జాబితాకూ లోపముంది. షేక్ అన్న ఒక్క మాట కింద పంక్చర్లేసేవాడూ ఉన్నాడు, దుకాణం యజమానీ ఉన్నాడు. సర్టిఫికెట్టు పేరునే చూస్తుంది, ఇంట్లోకి తొంగిచూడదు.

2019లో వచ్చిన 10 శాతం కోటా మండల్ కొలతను తలకిందులు చేసింది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉంటే పేద. బి.సి.ల సంపన్నశ్రేణి గీత కూడా 8 లక్షలే! గరీబు సయ్యదుకు తలుపు తెరుచుకుంది, మంచిదే. బి.సి. అయినందుకు గరీబు హజాముకు మాత్రం అక్కడ ప్రవేశం లేదు. వాడి గరీబీ గరీబీ కాదా?

కొలత వద్దనటం మనకు నష్టం. ఇంకా బాగా కొలవమందాం. ఆ ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కుతున్నదెవరు? ఉర్దూ మీడియంలో చదివిందెవరు? పని చేస్తూ పరీక్ష రాసిందెవరు? వీటికీ మార్కులు వేయమందాం. అయితే అడిగే ముందు మన మొహల్లాలో ఎవరిని ఎక్కడ కూచోబెడుతున్నామో మనమే లెక్క చెప్పాలి.