కాటిసీను క్యాసెట్టు

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద పడమరగా పోతే చీమకుర్తి వస్తుంది. బయటివాళ్లకు ఆ ఊరు పేరు చెబితే గెలాక్సీ గ్రానైటు గుర్తుకొస్తుంది. పద్యనాటకం రుచి మరిగినవాళ్లకు మాత్రం అది ముందుగా ఒక హరిశ్చంద్రుడి ఇంటిపేరు. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు: గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను మాట వచ్చిందంటే ఈ రెండు పేర్లు రాక మానవు. తిరునాళ్లలో వాళ్ల వేషం కళ్లారా చూసినవాళ్లకన్నా టేపులో వాళ్ల గొంతు విన్నవాళ్లే ఎక్కువమంది ఉంటారు. టీకొట్టు బల్ల మీద, మిరపకల్లంలో కాయలు గ్రేడు చేసే చోట, పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి కాపలాలో ఆ హరిశ్చంద్రుడు పాడుతూనే ఉన్నాడు. సినిమా పాటల పక్కన నిలబడి, తెర లేకుండా, మేకప్పు లేకుండా, ఒట్టి గొంతుతో అంతకాలం నిలిచిన పల్లెటూరి కళ మనకు ఇంకెన్ని ఉన్నాయి?

అది ఎలా నిలిచిందో తెలియాలంటే పద్యం పాడటంలో ఉన్న పనితనం తెలియాలి. పద్యం పాడటమంటే రాగం తీయడమేనని చాలామంది అనుకుంటారు. రాగం చివర వస్తుంది. అంతకు ముందు పని విరుపు. మన వృత్తపద్యంలో పాదం ఆగిన చోట అర్థం ఆగదు. మాట సగం ఒక పాదంలో, మిగతా సగం తర్వాతి పాదంలో పడుతుంది. పాదానికో ఊపిరి చొప్పున పీల్చుకుంటే మాట రెండు ముక్కలవుతుంది, వినేవాడికి ఏమీ అందదు. అందుకే మంచి నటుడు ముందు పద్యాన్ని మాటలాగా చెప్పుకుని చూస్తాడు. ఎక్కడ కర్త, ఎక్కడ క్రియ, ఏ సమాసాన్ని ఒక్క ఊపిరిలో దాటించాలి, ఏ మాట ముందు క్షణం ఆగితే ఆ మాట బరువు తెలుస్తుంది అని లెక్క కట్టుకుంటాడు. యతి స్థానం దగ్గర చిన్న ఊనిక పడుతుంది, ప్రాస చెవికి తగులుతుంది. తాళం లేదు కనుక ఈ కట్టడి అంతా నటుడి చేతిలోనే ఉంటుంది.

ఇక రాగం. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం: నాలుగింటిలోనూ పాదం చివర గురువే. అంటే సాగదీయడానికి వీలైన అక్షరం పద్యం కొసన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కవి ఛందస్సు కోసం పెట్టిన ఆ గురువు మీదే నటుడు ఆలాపన ఎత్తుకుంటాడు. పద్యం పొల్లు నకారంతో ముగిస్తే దాని ముందున్న అచ్చును పట్టుకుని రాగమంతా నడిపి, అన్నీ అయ్యాక నకారాన్ని మూస్తాడు. తెలుగు పద్యం గొంతుకు ఇంత చోటు ఇచ్చింది కాబట్టే మన రంగస్థలం ఇంతగా పద్యానికి అంటుకుపోయిందని నేను నమ్ముతాను. 1880ల్లో ధార్వాడ నాటక సమాజాలు ఇటు వచ్చి తమ సంగీతం వినిపించినప్పుడు మనవాళ్లు వాళ్ల పోకడలు తీసుకున్నారు, తీసుకొచ్చి పద్యంలోనే పెట్టారు.

మైకులు లేని కాలంలో చివరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా మాట వినపడాలి. అందుకని నటులు అయిదు, అయిదున్నర శ్రుతిలో పాడారు. అంత ఎత్తులో పాడుతూ మాట నలగకుండా చూడటం సామాన్యం కాదు. తారస్థాయిలో హల్లులు కరిగిపోతాయి, ఒట్టి అచ్చులే మిగులుతాయి. పేరున్న నటుల్ని విని చూడండి. పై షడ్జమం మీద కూడా వాళ్ల ఒత్తులు ఒత్తుల్లాగే ఉంటాయి.

కాటిసీను ఈ విద్యకంతటికీ పరీక్ష. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన 'సత్య హరిశ్చంద్రీయము' నాటకంలో రాజ్యం పోయి, ఆలుబిడ్డల్ని అమ్ముకుని, చివరికి కాటి యజమాని వీరబాహుడి దగ్గర కాటికాపరిగా నిలబడ్డ రాజు ఆ సీనులో ఒంటరిగా ఉంటాడు. పక్కన పాత్ర లేదు, కథ కదలదు. చీకటి, చితులు, ఒక మనిషి గొంతు. అక్కడ నటులు గుర్రం జాషువా 'స్మశానవాటి' పద్యాలు కలుపుకున్నారు. నాటకం ఒకరిది, పద్యాలు మరొకరివి అయినా జనం మనసులో ఆ రెండూ విడదీయలేనంతగా అతుక్కుపోయాయి.

అందులో ఒక సీసపద్యం ఉంది. నాలుగు పాదాలూ ఇదే చోట అన్న అర్థంతోనే ఎత్తుకుంటాయి. గొప్ప కవి కలం కాలిపోయింది ఇక్కడే, రాజు ముద్రిక అంతరించింది ఇక్కడే, లేత ఇల్లాలి నల్లపూసలు కలిసిపోయింది ఇక్కడే, చిత్రకారుడి కుంచె నశించింది ఇక్కడే. నాలుగుసార్లు ఒకే ఎత్తుగడ పాడితే విసుగు పుడుతుంది. తెలిసిన నటుడు నాలుగింటికీ నాలుగు బరువులిస్తాడు. కవి దగ్గర నిదానిస్తాడు, రాజు దగ్గర గొంతు బిగిస్తాడు (తానూ రాజే కదా), ఇల్లాలి దగ్గర గొంతు దించేస్తాడు. ఆ మూడో పాదంలో సంగతులు వేసే నటుడంటే నాకు నచ్చదు. అక్కడ రాగం కన్నా మాట నెమ్మదిగా పలకడమే గుండెకు తాకుతుంది. సీసం కింద వచ్చే తేటగీతిలో శివుడు పిశాచాలతో ఆడే రంగస్థలంగా శ్మశానం మారిపోతుంది. అప్పుడు గొంతు పైకి లేవాలి, దాచుకున్న ఊపిరంతా అక్కడ ఖర్చు పెట్టాలి.

ఇంకో పద్యం మత్తేభం. అంటరానితనానికి ఇక్కడ అడుగు పెట్టే చోటే లేదని చెబుతుంది. జాషువా వినుకొండలో 1895లో పుట్టాడు. కులం పేరుతో అవమానాలు పడ్డ మనిషి. అలాంటి మనిషి రాసిన ఆ పద్యాన్ని ఇవే జిల్లాల తిరునాళ్లలో, మాలపల్లె మాదిగపల్లె విడిగా ఉన్న ఊళ్లలో, ఊరంతా కూర్చుని విని ‘వన్స్ మోర్’ అని అరిచింది. ఆ అరుపుతో ఊరు మారిపోయిందని నేను చెప్పలేను. కానీ పుస్తకంలో చదివించి ఉంటే ముఖం తిప్పుకునేవాళ్ల చెవిలో కూడా ఆ మాట పడిందంటే అది పాడినవాడి గొంతు పుణ్యమే. ఈ పద్యంలో అంటరానితనమన్న ఆ ఒక్క మాటను స్పష్టంగా పలికి, అరక్షణం ఆగి, ముందుకు వెళ్లే నటుడికి విద్య పట్టుబడినట్టు. దాన్ని రాగంలో కలిపేసి జారిపోతే ఎంత గొంతున్నా ప్రయోజనం లేదు.

గ్రామఫోను రోజుల్లో ఈ సీనుకు పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. 78 వేగపు రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే. రంగం మీద వన్స్ మోర్లతో పది నిమిషాలు సాగే పద్యం అందులో ఇమడాలి. దాంతో రాగం కుదించారు, పద్యానికి ముందుండే వచనం తీసేశారు. అమెరికా పల్లె పాటలకూ ఇదే జరిగింది. 1927లో బ్రిస్టల్ పట్నంలో రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పియర్, గాయకులైన కార్టర్ కుటుంబంతో, జిమ్మీ రోడ్జర్స్‌తో పాటలు రికార్డు చేసినప్పుడు అక్కడి పొడుగు కథాగీతాలు కూడా మూడు నిమిషాలకు తగ్గాల్సివచ్చింది. కుదింపులో ఒక లాభం కూడా ఉంది. పద్యం సారం తేలింది. ఘంటసాల గొంతులో రికార్డుకెక్కిన కవి కరుణశ్రీ 'పుష్పవిలాపం' మైకు దగ్గర మెత్తగా చెప్పే పద్యానికి కొత్త దారి వేసింది. కాటిసీను ఆ దారిలో పట్టేది కాదు. అది ఒక్క పద్యంతో పండదు. వచనం, పద్యం, మౌనం, మళ్లీ పద్యం అని పేర్చుకుంటూ పోవాలి.

క్యాసెట్టు ఆ లోటు తీర్చింది. వైపుకు అరగంట. సీను సీనంతా, మాటలతో సహా, వరసగా ఎక్కింది. క్యాసెట్ల విజయానికి కారణం చవక ధర ఒక్కటే అనేవాళ్లతో నేను ఏకీభవించను. మూడు నిమిషాల ముక్క విని ముచ్చటపడ్డ జనానికి పూర్తి సీను ఇంట్లో దొరికింది. కొత్తగా వేషం కట్టాలనుకునే కుర్రాళ్లకు అదే బడి అయింది. రివైండు చేసి, విరుపు ఎక్కడుందో పట్టుకుని, పొలం గట్టు మీద సాధన చేసినవాళ్లు ఎందరో. దీనికి మూల్యం కూడా ఉంది. రంగం మీద వన్స్ మోర్ పడితే నటుడు రెండోసారి అదే పద్యాన్ని మరో సంగతితో, ఒక్కోసారి మరో రాగంతో పాడేవాడు. టేపులో అచ్చయిన సంగతే శాసనమైపోయింది. ఇవాళ చాలామంది కుర్ర హరిశ్చంద్రులు తమ గొంతు కాక టేపులోని గొంతు పాడుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. టేపు ఆపి ‘ఇక్కడ ఎందుకు ఆగాడు’ అని అడిగితే చెప్పే గురువు వాళ్లకు దొరకలేదు.

హార్మోనియం సంగతి చెప్పకపోతే సగం విషయం వదిలినట్టే. ఆ పెట్టెలో స్వరాలు స్థిరంగా ఉంటాయి, గమకం పలకదు. అందుకే శాస్త్రీయ సంగీతజ్ఞులకు దాని మీద కోపం. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మంలోకి రానివ్వలేదు. నాటకంలో మాత్రం హార్మోనిస్టే రెండో నటుడు. పద్యానికి ముందు రాగఛాయ చూపించి శ్రుతి అందిస్తాడు, పద్యం నడుస్తున్నంతసేపు వెనకే నడుస్తాడు, నటుడు ఊపిరి పీల్చుకునే సందును స్వరంతో పూడుస్తాడు. నటుడు స్వరాల మధ్య జారుతుంటే పెట్టె నిలబడి ఉంటుంది. ఆ రెండింటి రాపిడిలోనే స్టేజి పద్యానికి దాని ప్రత్యేకమైన కసి వచ్చింది. కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి సీనుకొకరు చొప్పున హరిశ్చంద్రులు మారతారు, ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి. తెల్లవార్లూ అందరికీ సర్దుకుపోయేది ఆ ఒక్క మనిషే.

ఇప్పుడు ఆ టేపులు బూజు పడుతున్నాయి. అభిమానులు తమకు తోచినట్టు ముక్కలు చేసి ఫోన్లలో పంచుకుంటున్నారు. మళ్లీ మూడు నిమిషాల ముక్కలే! వచనం పోతోంది, వరస పోతోంది. ఒంగోలులో, గుంటూరులో కళాపరిషత్తులు నడిపేవాళ్లు, నంది నాటకోత్సవాల్లో పద్యనాటకాలకు బహుమతులిచ్చే ప్రభుత్వం ఇంటింటా మిగిలిన క్యాసెట్లు పోగుచేసి, సీను మొత్తం తెగకుండా డిజిటల్‌లోకి ఎక్కించే పని పెట్టుకోవాలి. ఎక్కించేటప్పుడు హరిశ్చంద్ర పాత్రధారి పేరు పక్కన హార్మోనిస్టు పేరు వేయాలి. నాటకం బలిజేపల్లిదని రాసిన చోటే కాటిసీను పద్యాలు జాషువావని రాయాలి.