తీగ దగ్గర పిసినారితనం వద్దు

ముంబై ఫాక్‌లాండ్ రోడ్డుకు మరాఠీ జానపద నాటక కళ తమాషా కళాకారుడు పఠ్ఠే బాపూరావు పేరు పెట్టారు. తమాషాలో వాయించే తుంతునేకు ఉండేది ఒక్క తీగే. ఆ పక్కనే మన కామాఠీపురా. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన కామాఠీల వల్లే ఈ పేటకు ఆ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. ఇప్పుడు చాళ్లలో మన పిల్లలు గిటారు పట్టుకుంటున్నారు, సంతోషం. కానీ వాటికి బిగిస్తున్న తీగలు చూస్తేనే కడుపు మండుతుంది.

తీగ విలువ తెలిసినవాడంటే పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్! మాండలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగను లాగి గమకం పలికించడం కష్టం. అందుకే ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు వేశారు, మంద్రానికి ఐదోది చేర్చారు. ఆ ఐదు తీగల మీద ఆయన పలికించిన కర్ణాటక రాగాలకు ప్రపంచం నోరెళ్లబెట్టింది. రిమెంబర్ శక్తి బృందంలో ఆయన పక్కన కూర్చున్న జాన్ మెక్‌లాఫ్లిన్ అంతకుముందే, 1970లలో, తన అకూస్టిక్ గిటారుకు అడ్డంగా ఏడు అనునాద తీగలు వేయించుకున్నాడు. మహానుభావులు తీగ గురించి అంత ఆలోచించారు.

తీగ కొనేటప్పుడు మనం చూడాల్సింది మొదట గేజు, అంటే మందం. సెట్టు మీద 12 అని ఉంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతులు. పెద్ద డొల్ల ఉన్న గిటారుకు 12 నిండుగా పలుకుతుంది. చిన్న గిటారుకు, లేత వేళ్లకు 11 గానీ 10 గానీ చాలు. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు మాత్రం ఉక్కు తీగ బిగించొద్దు. 12 గేజు ఉక్కు తీగలు ఆరూ కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి, బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

తర్వాత లోహం. 80/20 బ్రాంజ్ తీగ మొదట్లో మెరుపులా మోగుతుంది, ముంబై చెమటకూ సముద్రపు గాలికీ తొందరగా మొద్దుబారుతుంది. డడారియో కంపెనీ 1974లో తెచ్చిన ఫాస్ఫర్ బ్రాంజ్ వెచ్చగా పలుకుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. నా ఓటు ఎప్పుడూ దానికే. వానాకాలానికి పూత పూసిన తీగలైతే మరీ మేలు, ధర ఎక్కువైనా సరే.

మార్చే వేళ వచ్చిందో లేదో గోరే చెబుతుంది. మెట్టుకు ఎదురుగా తీగ అడుగున గోటితో రాయండి. గంటు తగిలితే దాని పని అయిపోయినట్టే. ఎంత మెలితిప్పినా శ్రుతి నిలవదు.

ఇక నకిలీలు! పేరున్న కంపెనీ అట్ట, లోపల తుక్కు తీగ. బిగించిన వారానికే తుప్పు. శ్రుతి కుదరక పిల్లవాడు తనకు సంగీతం రాదనుకుని గిటారును అటక మీద పడేస్తాడు. ఇంతకంటే అన్యాయం ఉందా? పెద్ద కంపెనీలు కొన్ని అట్ట లోపల కోడ్ వేస్తాయి, సరిచూసుకోవచ్చు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. గిటారు చవకదైనా ఫరవాలేదు, తీగ మాత్రం అసలుది, నమ్మకమైన దుకాణంలో బిల్లు అడిగి కొనండి.